ఏసీఎల్ ఆపరేషన్ అయి ఏడో నెల: సర్జన్ ఆడుకోమంటున్నారు, ఫిజియో వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఎడమకాలి_వింగర్
ఫుట్‌బాల్ ఆడుతూ కుడి మోకాలి ఏసీఎల్ (కీలు లోపల రెండు ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్) తెగింది. తొడ వెనుక కండరపు స్నాయువు తీసి దాని స్థానంలో గ్రాఫ్ట్‌గా వేశారు. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది. మొన్న సర్జన్ దగ్గరికి వెళ్తే మోకాలిని పట్టుకుని ముందుకు లాగి చూసి, "గట్టిగానే ఉంది, ఆరు నెలలు దాటాయి, ఇక ఆడుకోవచ్చు" అన్నారు. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాను. అదే మాట సంతోషంగా ఫిజియోకు చెబితే ఆవిడ, "ఏ పరీక్ష చేసి చెప్పారు?" అని ఎదురు ప్రశ్న వేశారు. ఇంకో రెండు మూడు నెలలు మ్యాచ్ ఊసే ఎత్తవద్దని తీర్పు.

నేను జీతం తీసుకుని ఆడేవాడిని కాను. ఆదివారం ఆటగాడిని. జాగింగ్ చేస్తే నొప్పి లేదు, మెట్లు ఎక్కితే నొప్పి లేదు. వచ్చే నెలలో ఆఫీసుల మధ్య టోర్నమెంట్ ఉంది. జట్టువాళ్లు చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. ఫుట్‌బాల్ స్టార్ ఇబ్రహిమోవిచ్ 2017 ఏప్రిల్‌లో మోకాలు పోగొట్టుకుని నవంబరుకల్లా మైదానంలోకి దిగాడు, నీకేమిటి అని ఒకడు లెక్క చెబుతున్నాడు. చదువుకున్న ఇద్దరు చెరో దారి చూపిస్తుంటే మధ్యలో నేనేం చేయాలి?

బెంచిమీద_వాడు
ఇంకోసారి తెగితే ఆపరేషన్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ముందు మీ జట్టువాళ్లను అడగండి. పోరు అక్కడితో ఆగుతుంది.

నెట్_దగ్గర
నాది బ్యాడ్మింటన్, అందులోనూ డబుల్స్. ఎనిమిదో నెలలో కోర్టులోకి వెళ్లాను. ఎవరూ ఏ పరీక్షా చేయలేదు. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి, నేటికీ ఆడుతున్నాను. ఈ మధ్య ప్రతి ఒక్కరూ మోకాలిని ప్రయోగశాలలో పెట్టి చూస్తున్నారు. నొప్పి లేదు, వాపు లేదు, సర్జన్ సరే అన్నారు. ఇంతకన్నా ఏం కావాలి? నెమ్మదిగా మొదలుపెట్టండి, చాలు.

కొలతల_పిచ్చి
మీకు ఏమీ కాలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాదనడం ఎలా కుదురుతుంది? 2016లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలోని డెలావేర్, నార్వేలోని ఓస్లో పరిశోధకులు కలిసి 106 మందిని రెండేళ్లపాటు గమనించారు. ఆట వాయిదా పడిన ఒక్కో నెలకు, మోకాలికి మళ్లీ గాయమయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. అయితే ఇది తొమ్మిదో నెల వరకే. ఆ తర్వాత ఇంకా ఆగినా అదనపు లాభం కనిపించలేదు.

అంతకన్నా ముఖ్యమైనది రెండో సంగతి. కండర బలం, గెంతు పరీక్షలు నెగ్గి మలుపులు తిరిగే ఆటలకు వెళ్లినవారిలో 5.6 శాతం మందికి మళ్లీ గాయమైంది. నెగ్గకుండా వెళ్లినవారిలో 38.2 శాతం మందికి. వింగర్ గారి ఫిజియో "ఏ పరీక్ష చేసి చెప్పారు" అని అడిగింది ఇందుకే.

నెట్_దగ్గర
106 మంది. అందులో మళ్లీ దెబ్బ తగిలినవాళ్లు ఇంకెంతమంది ఉంటారు? ఆ గుప్పెడు మందిని చూసి దశాంశ స్థానాల దాకా లెక్కలు చెబితే నమ్మాలా?

కీళ్ల_మేస్త్రి
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అది చిన్న అధ్యయనమే. 51 అనే అంకెను మంత్రంలా పట్టుకోనక్కరలేదు. కానీ తొందరపడినవారికి, కండరం బలహీనంగా ఉన్నవారికి ముప్పు ఎక్కువని నా దగ్గరికి వచ్చేవాళ్లను చూసినా తెలుస్తుంది. ఈ పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

వింగర్ గారూ, మీ సర్జన్ చూసింది గ్రాఫ్ట్ బిగువు. అది ఆయన పని, బాగానే చేసినట్టున్నారు. మీ ఫిజియో అడుగుతున్నది కండరం గురించి. ఇద్దరూ ఒకే మోకాలి గురించి మాట్లాడుతున్నా చూస్తున్నవి వేరు. వాళ్ల మధ్య తగవు ఉందని నేను అనుకోను.

గ్రాఫ్ట్ సంగతి కూడా కొంత తెలుసుకోండి. తీసి పెట్టిన స్నాయువుకు మొదట్లో రక్తప్రసరణ ఉండదు. తొలి వారాల్లో అది బలపడకపోగా ఇంకా బలహీనపడుతుంది. తర్వాత కొత్త రక్తనాళాలు, కణాలు చేరి మెల్లగా లిగమెంట్ స్వభావం తెచ్చుకుంటుంది. ఈ మార్పు ఏడాది దాటినా సాగుతూనే ఉంటుంది. ఇదంతా జరుగుతున్నా మీకు నొప్పి తెలియదు. అందుకే నొప్పి లేదు కాబట్టి సిద్ధం అనే మాట ఈ గాయంలో చెల్లదు.

నాలుగు ప్రశ్నలు. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ మీద ఒక్కో కాలితో పదిసార్లు ఎత్తగలిగే బరువెంత? ఒంటికాలిపై ముందుకు గెంతితే ఏ కాలితో ఎంత దూరం? జాగింగ్ చేసిన మర్నాడు పొద్దున మోకాలు ఎలా ఉంటోంది? పరుగులో ఉన్నట్టుండి ఆగి దిశ మార్చడం ఇప్పటివరకు ఒక్కసారైనా సాధన చేశారా?

ఎడమకాలి_వింగర్
నిన్న సాయంత్రం జిమ్‌లో చూశాను. ఎడమ కాలితో నలభై కిలోలు, కుడి కాలితో ఇరవై ఏడు. గెంతు ఎడమకు 150 సెంటీమీటర్లు, కుడికి 138. మర్నాటి సంగతి పెద్దగా గమనించలేదు, వాపు ఉన్నట్టు లేదు. ఆగి తిరగడం అయితే ఇంతవరకు చేయలేదు. సరళ రేఖలో జాగింగ్ మాత్రమే.

గెంతు బాగానే ఉంది కదా?

కొలతల_పిచ్చి
ఎడమ కాలితో పోలిస్తే కుడి గెంతు 92 శాతం. సాధారణంగా పెట్టుకునే గీత 90, కాబట్టి దాటారు. బలం 67.5 శాతం. అక్కడ గీతకు చాలా దూరంలో ఉన్నారు.

బెంచిమీద_వాడు
ఒకదాంట్లో ఫస్ట్ క్లాసు, ఇంకోదాంట్లో ఫెయిలు. నా పదో తరగతి మార్కుల జాబితా గుర్తొచ్చింది.

నెట్_దగ్గర
ఇదే నేనంటున్నది. గెంతు బాగుందంటే కాలు పనిచేస్తున్నట్టే కదా. ఆటలో గెంతుతాం కానీ మెషీన్ మీద కూర్చుని కాలు చాపం.

కీళ్ల_మేస్త్రి
వినడానికి సబబుగానే ఉంది, కానీ గెంతు మోసం చేస్తుంది. ముందుకు గెంతేటప్పుడు శరీరాన్ని తోసే పని ఎక్కువగా తుంటి, చీలమండ చేస్తాయి. మోకాలి వాటా తక్కువ. తొడ ముందు కండరం నీరసంగా ఉన్నా మిగతా రెండూ ఆ లోటు పూడ్చేస్తాయి, దూరం సరిపోతుంది. అదే ఒంటికాలిపై నిలువుగా పైకి ఎగిరి చూడండి. అక్కడ మోకాలి వాటా పెరుగుతుంది, తేడా బయటపడుతుంది. గెంతి దిగేటప్పుడు ఎవరినైనా ఎదురుగా నిలబడి ఫోనులో వీడియో తీయమనండి. మోకాలు లోపలికి వాలుతోందా, కుడి కాలి మీద దిగేటప్పుడు మోకాలు వంచకుండా బిగబట్టి నడుము ముందుకు వంచుతున్నారా చూసుకోండి. దూరం కన్నా ఆ వీడియో ఎక్కువ చెబుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. మీరు పోల్చుకుంటున్న ఎడమ కాలు కూడా ఇన్ని నెలలుగా ఆట లేక కొంత బలం పోగొట్టుకుంది. కాబట్టి ఆ 67 కూడా కాస్త ఉదారంగా వేసిన మార్కే.

రెండోసారి
నా పేరు చూస్తే కథ సగం అర్థమవుతుంది. మొదట ఎడమ మోకాలు. ఆపరేషన్ తర్వాత ఆరు నెలలకు అనుమతి వచ్చింది, వెళ్లి బాస్కెట్‌బాల్ ఆడాను. ఆ ఎడమ మోకాలికి ఏమీ కాలేదు. గ్రాఫ్ట్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

తెగింది కుడిది. చివరి నిమిషాల్లో, కాళ్లు బరువెక్కి ఉన్నాయి. బంతి నా దగ్గర లేదు. నన్నెవరూ తాకలేదు. వెనక్కి పరుగెత్తి రక్షణకు వెళ్దామని ఒక్క అడుగు గట్టిగా వేసి తిరిగాను. పాదం నేలకు అతుక్కున్నట్టు నిలిచిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. లోపల ఏదో టప్పున తెగిన చప్పుడు. కింద పడకముందే ఏమైందో తెలిసిపోయింది, ఎందుకంటే ఆ చప్పుడు అప్పటికే ఒకసారి విని ఉన్నాను.

ఎడమ కాలిని తెలియకుండానే కాపాడుకుంటూ భారమంతా కుడి మీద వేశావు అని తర్వాత చూసిన ఫిజియో అన్నారు. వింగర్ గారూ, మీ కుడి మోకాలి గురించి అందరూ మాట్లాడుతున్నారు. మీ ఎడమ మోకాలి సంగతి కూడా చూసుకోండి.

కొలతల_పిచ్చి
రెండోసారి గారు చెప్పింది అరుదైన విషయం కాదు. 2016లోనే చాలా అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. ఏసీఎల్ ఆపరేషన్ అయినవారిలో మొత్తం మీద 15 శాతం మందికి రెండోసారి తెగింది. అందులో ఆపరేషన్ చేసిన కాలు 7, రెండో కాలు 8. ఇరవై అయిదేళ్లలోపు ఉండి మళ్లీ ఆటకు వెళ్లినవారిలో ఈ సంఖ్య 23 శాతం. దాదాపు నలుగురిలో ఒకరు.

నెట్_దగ్గర
మా ఆటలో కరోలినా మారిన్ కథ ఇదే. 2019 జనవరిలో కుడి మోకాలు. అదే ఏడాది సెప్టెంబరులో తిరిగొచ్చి చైనా ఓపెన్ గెలిచింది. అప్పుడు నేను ఎంత పొంగిపోయానో! 2021లో ఎడమ మోకాలు, టోక్యో ఒలింపిక్స్ పోయింది. 2024లో పారిస్‌లో సెమీఫైనల్ గెలుపు వైపు నడుస్తుండగా మళ్లీ కుడి మోకాలు. ఆ రోజు టీవీ కట్టేశాను.

సరే, పరీక్షలు దండగ అని నేననడం లేదు. కానీ అందరికీ ఆ మెషీన్లు, ఆ మనుషులు అందుబాటులో ఉండరు కదా. సామాన్యుడు ఏం చేయాలి?

కీళ్ల_మేస్త్రి
ఇది అసలైన ప్రశ్న. ఇబ్రహిమోవిచ్‌తో పోల్చుకునే మీ మిత్రుడికి కూడా ఇదే జవాబు. ఆయనకు కోలుకోవడమే ఉద్యోగం. రోజంతా అదే పని, పక్కన ఫిజియో, శిక్షకుడు, కొలిచే యంత్రాలు. మీకు రోజంతా కుర్చీలో పని, సాయంత్రం ఒక గంట, అదీ వీలైతే. ఏడు నెలల్లో ఆయన చేసిన వ్యాయామం, మీరు చేసిన వ్యాయామం సమానం కానప్పుడు ఏడు నెలలు మాత్రం ఎలా సమానమవుతాయి?

కండర బలాన్ని కొలిచే ఖరీదైన ఐసోకైనెటిక్ మెషీన్ లేకపోతే కొంపలేమీ మునగవు. మామూలు జిమ్‌లోని లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ మీద ఒక్కో కాలికి విడివిడిగా తూకం చూసుకోవచ్చు. జిమ్ కూడా లేకపోతే కుర్చీ మీంచి ఒంటికాలితో లేచి కూర్చోవడం, అలసిపోయేదాకా ఏ కాలితో ఎన్నిసార్లు. ఒంటికాలి మునివేళ్లపై లేవడం, పిక్కను కూడా అందరూ మరిచిపోతారు. నాలుగు వారాలకోసారి అదే కుర్చీ, అదే బూట్లు, అదే వేళ. కాగితం మీద రాసుకోండి.

వాపు సంగతి కంటితో చూసి చెప్పకండి. ఇలా చేయండి. కాలు చాపుకుని కూర్చుని తొడను పూర్తిగా వదులు చేయండి. మోకాలి చిప్పకు లోపలి వైపున, కింద నుంచి పైకి, తొడ వైపుగా అరచేతితో రెండు మూడుసార్లు నిమరండి. అక్కడ నీరు ఉంటే పైకి పోతుంది, చిప్ప పక్కన చిన్న గుంట కనిపిస్తుంది. ఇప్పుడు బయటి వైపున పై నుంచి కిందికి ఒకసారి నిమిరి, కళ్లు లోపలి వైపు గుంట మీదే ఉంచండి. అది అలలా నిండితే మోకాలిలో నీరు ఉన్నట్టే. జాగింగ్‌కు ముందు ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చూడండి. పెరిగితే ఆ రోజు చేసినది ఎక్కువైందని అర్థం, అది ఎంత హాయిగా అనిపించినా సరే.

ఎడమకాలి_వింగర్
ఇప్పుడే చేసి చూశాను. నిన్న సాయంత్రం పరుగెత్తాను. మొదటిసారి ఏమీ కనిపించలేదు. దీపం పక్కకు జరిపి మళ్లీ చేస్తే చిప్ప లోపలి అంచు దగ్గర గుంట మెల్లగా పూడుకుంది. ఎడమ మోకాలికి చేస్తే అలా లేదు. ఇన్నాళ్లూ వాపు లేదని అందరికీ చెబుతూ తిరుగుతున్నాను!

నిలువు గెంతు కూడా చూశాను. గోడకు సుద్ద గుర్తులు పెట్టి. కుడి కాలికి ఎంత తక్కువ వచ్చిందో రాయడానికి మనసు రావడం లేదు.

బెంచిమీద_వాడు
జట్టులో నీళ్ల సీసాలు అందించే పదవి ఖాళీగా ఉంది. దానికి గెంతు పరీక్ష లేదు, వాపు పరీక్ష లేదు. నేను మూడు సీజన్లుగా చేస్తున్నాను, అనుభవంతో చెబుతున్నాను.

ఎడమకాలి_వింగర్
మా కెప్టెన్ అంతకన్నా తెలివైనవాడు. "పరుగెత్తవద్దన్నారు కదా, గోల్‌కీపర్‌గా నిలబడు" అంటున్నాడు.

కీళ్ల_మేస్త్రి
కీపర్ నిలబడతాడని ఎవరు చెప్పారు? పక్కకు దూకడం, ఒంటికాలి మీద దిగడం, మీదికి దూసుకొచ్చేవాడిని ఢీకొనడం, అన్నీ అక్కడే ఉన్నాయి. సీసాలే నయం.

ఆపరేషన్_లేకుండా
అందరూ ఆపరేషన్ నుంచే కథ మొదలుపెడుతున్నారు. నాకూ ఏసీఎల్ పూర్తిగా తెగింది. కత్తి పెట్టించుకోలేదు. నెలల తరబడి కండరాలు పెంచాను. ఇప్పుడు కొండలెక్కుతాను, సైకిల్ మీద దూరాలు పోతాను. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువకులు, యువతుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. సగం మందికి వెంటనే ఆపరేషన్, మిగతావారికి ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. రెండేళ్లకు చూస్తే మోకాలి పరిస్థితిలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది ఎందుకు ఎవరూ చెప్పరు?

రెండోసారి
కొండలెక్కడం వేరు, మనిషిని తప్పించుకుంటూ మలుపు తిరగడం వేరు. మీకు బాగుంది, సంతోషం. నా మొదటి గాయం తర్వాత నేనూ ఆపరేషన్ లేకుండా ఆడదామని చూశాను. మోకాలు పట్టు తప్పి రెండుసార్లు పడ్డాను. రెండోసారికి మెనిస్కస్ (కీలు మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) కూడా చిరిగింది.

కొలతల_పిచ్చి
ఆ అధ్యయనాన్ని ఇంకొంచెం ముందుకు కూడా చదవండి. వ్యాయామంతో మొదలుపెట్టిన 59 మందిలో 23 మంది రెండేళ్లలోపే ఆపరేషన్ చేయించుకున్నారు. అయిదేళ్లకు ఆ సంఖ్య 30. సగం మందికి అక్కరలేకపోవడం గొప్ప విషయమే. కానీ మిగతా సగం కూడా ఉంది.

ఆపరేషన్_లేకుండా
సగం మందికి కత్తి తప్పితే అది చిన్న విషయమా? ముందు వ్యాయామం చేసి చూడండి అంటున్నాను, ఆపరేషన్ పాపమని అనడం లేదు.

కీళ్ల_మేస్త్రి
ఆ మాటతో నాకు పేచీ లేదు. మోకాలు పట్టు తప్పుతూ ఉంటే మాత్రం ఆడుతూ పరీక్షించుకోవద్దు. పోయేది ఏసీఎల్ ఒక్కటే కాదు, మెనిస్కస్, కీలు మృదులాస్థి కూడా. ఆపరేషన్ చేయించుకున్నా, మానుకున్నా ఇలాంటి మోకాళ్లలో చాలావాటికి పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత కీలు అరుగుదల వస్తుంది. దాన్ని ఆపరేషన్ ఆపుతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి.

అమ్మ_కోచ్
మా అమ్మాయికి పదహారేళ్లు, ఫుట్‌బాల్. ఆపరేషన్ అయి ఎనిమిదో నెల. ఎంపిక పోటీలు దగ్గర పడుతున్నాయి. ఇప్పుడు వెళ్లకపోతే ఏడాది పోతుందని ఏడుస్తోంది. నేనే చిన్నపిల్లలకు ఆట నేర్పుతాను, అయినా నా మాట వినడం లేదు. పైన ఆ 23 శాతం చదివాక నిద్ర పట్టడం లేదు.

కీళ్ల_మేస్త్రి
అమ్మాయిలకు ఈ ఆటల్లో ఏసీఎల్ తెగే ముప్పు అబ్బాయిల కన్నా రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువ. వయసు కూడా మీ అమ్మాయికి వ్యతిరేకంగా ఉంది. ఇలాంటి పిల్లల విషయంలో చాలామంది వైద్యులు తొమ్మిది నెలలు కాదు, ఏడాది దాకా ఆగమంటారు. నేనూ అదే అంటాను. "వద్దు" అనకండి, ఆ వయసులో వద్దు అంటే గోడకు చెప్పినట్టే. ఏ అంకె చేరితే ఏం చేయవచ్చో ఆమె చేతికే ఇవ్వండి. బలం ఇంత, గెంతు ఇంత, వాపు సున్నా అయితే జట్టుతో స్పర్శ లేని సాధన. ఈ ఎంపికకు శిక్షకులతో మాట్లాడి వీడియోలు పంపే వీలుందేమో అడగండి.

మీరు శిక్షకురాలు కాబట్టి ఇంకొకటి. ఫిఫా వారి 11+ వార్మప్ తెలిసే ఉంటుంది. సుమారు ఇరవై నిమిషాలు. నార్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల అమ్మాయిల జట్లపై పరీక్షించి 2008లో ప్రచురించారు. మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. మీ అమ్మాయికే కాదు, మీరు నేర్పే పిల్లలందరికీ వారానికి కనీసం రెండుసార్లు చేయించండి. తూతూమంత్రంగా చేయిస్తే మాత్రం ఫలితం ఉండదు.

అమ్మ_కోచ్
11+ చేయిస్తున్నాం కానీ నిజం చెప్పాలంటే పరుగు భాగం చేసి నేల మీద వ్యాయామాలు ఎగ్గొడుతున్నారు. వచ్చే వారం నుంచి నా కళ్ల ముందే చేయిస్తాను. అంకెల కాగితం మంచి ఆలోచన. దానికి ఏదైనా కొలిస్తే గెలవాలనే పట్టుదల ఉంది.

గీత_బయట
నాది వింగర్ గారికి తలకిందులు. పదమూడో నెల. బలం సరిపోయింది, గెంతులు సరిపోయాయి, ఫిజియో వెళ్లమంటున్నారు. వాలీబాల్ కోర్టు గీత దాకా వెళ్తాను, లోపలికి అడుగు పడదు. నెట్ పక్కన ఎగిరి ఎవరి పాదం మీదో దిగి మోకాలు పోయింది నాకు. ఇప్పుడు ఎవరైనా దగ్గరగా ఎగిరితే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇంట్లోవాళ్లు భయం మానుకో అంటారు. అదేమైనా చొక్కానా విప్పి పారేయడానికి?

కొలతల_పిచ్చి
మీరు ఒంటరి కాదు. 2014లో 69 వ్యాసాలు, ఏడు వేలకు పైగా మందిని కలిపి చూస్తే, ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చినవారు 81 శాతం. పాత స్థాయికి వచ్చినవారు 65. పోటీ ఆటకు వచ్చినవారు 55. తిరిగి వెళ్లనివారిలో మోకాలు బాగుపడినవారు చాలామంది, పెద్ద కారణాల్లో ఒకటి భయమే. దీన్ని కొలవడానికి పన్నెండు ప్రశ్నల ఏసీఎల్-ఆర్ఎస్ఐ అనే ప్రశ్నావళి కూడా ఉంది.

రెండోసారి
బాస్కెట్‌బాల్ ఆటగాడు డెరిక్ రోజ్‌ను గుర్తు చేసుకోండి. 2012 ఏప్రిల్‌లో మోకాలు పోయింది. మర్నాటి ఏడాది వైద్యులు అనుమతించారని వార్తలు వచ్చినా, జనం ఎన్ని మాటలన్నా, ఆ సీజన్ మొత్తం కోర్టులోకి దిగలేదు. అప్పుడు నేనూ తిట్టుకున్నాను. నా కుడి మోకాలు పోయాక తిట్టడం మానేశాను.

కీళ్ల_మేస్త్రి
గీత_బయట గారూ, మిమ్మల్ని మ్యాచ్‌లోకి తోస్తే భయం పోదు. గాయమైన ఆ ఒక్క ఘట్టాన్ని ముక్కలు చేసి సాధన చేయాలి. ముందు నెట్ లేకుండా ఒంటరిగా ఎగరడం. తర్వాత నెట్ దగ్గర ఒంటరిగా. తర్వాత పక్కన ఒకరు కదలకుండా నిలబడి ఉండగా. తర్వాత ఇద్దరూ ఎగురుతూ, కానీ దూరంగా. ఆ దూరం మెల్లగా తగ్గించాలి. ఎదుటివాడు మీరు నమ్మే మనిషై ఉండాలి. ఏ మెట్టు దగ్గర ఒళ్లు బిగుసుకుంటే అక్కడే కొన్ని రోజులు ఉండండి, తొందరేమీ లేదు. అప్పటికీ కదలిక లేకపోతే క్రీడా మనస్తత్వ నిపుణుల దగ్గరికి వెళ్లండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

పాత_హాఫ్‌బ్యాక్
వెళ్లకపోతే ఏమవుతుంది అని కూడా ఎవరైనా అడగాలి కదా. నేను హాకీ మానేశాను. అన్ని పరీక్షలూ నెగ్గాక, తెలిసే మానేశాను. ఇప్పుడు ఈత కొడతాను, బరువులెత్తుతాను. మొదటి ఏడాది ఆదివారాలు బాధగా ఉండేవి. ఇప్పుడు లేవు. మానేయడాన్ని ఓటమిలా చూస్తారు చాలామంది, నాకు చిరాకు.

నెట్_దగ్గర
మీకు కుదిరింది. నాకు బ్యాడ్మింటన్ లేకపోతే ఇంట్లోవాళ్లు నాతో వేగలేరు.

ఎడమకాలి_వింగర్
ఫిజియోకు ఈ అంకెలన్నీ పంపించాను. "ఇన్నాళ్లకు నా మాట ఎక్కింది" అన్నారు. టోర్నమెంట్‌కు పేరు తీసేయించుకున్నాను. కెప్టెన్ అలిగాడు. ఇప్పుడు నా సందేహం వేరు. బలం సరిపోయాక నేరుగా మ్యాచ్ ఆడవచ్చా? బ్రేస్ (మోకాలికి కట్టే ఆధారపు పట్టీ) వేసుకుంటే కొంచెం ముందే వెళ్లవచ్చని జిమ్‌లో ఒకాయన అంటున్నారు.

కీళ్ల_మేస్త్రి
బ్రేస్ వేసుకుంటే మళ్లీ తెగడం తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. మనసుకు ధైర్యం ఇస్తే వేసుకోండి, గడువు తగ్గించుకోవడానికి మాత్రం కాదు.

నేరుగా మ్యాచ్ వద్దు. ముందు సరళ రేఖలో వేగం పెంచండి. ఆ తర్వాత ఆగడం, దీన్ని అందరూ దాటేస్తారు. పూర్తి వేగంతో పరుగెత్తి మూడు నాలుగు అడుగుల్లో ఆగగలగాలి, కుడి కాలి మీద కూడా. తర్వాత ముందే తెలిసిన గుర్తుల దగ్గర మలుపులు. తర్వాత ఎవరో చెయ్యి చూపిన వైపు తిరగడం, అంటే ఆలోచించే వ్యవధి లేకుండా. తర్వాత బంతితో, మనుషులు లేకుండా. తర్వాత జట్టుతో సాధన, ముందు ఢీకొట్టుకోకుండా, తర్వాత మామూలుగా. కొన్ని వారాలు అలా పూర్తి సాధన చేశాకే మ్యాచ్, అదీ పదిహేను ఇరవై నిమిషాలు. మొదట్లో ఆట చివర్లో దిగకండి. మిగతావాళ్లు అలసి అడ్డదిడ్డంగా కాళ్లు పెట్టే సమయం అది.

ఆదివారం ఆటగాళ్లకు ఇంకో ప్రమాదం. వారమంతా కుర్చీ, ఆదివారం తొంభై నిమిషాలు. ఆటకు తిరిగి వెళ్లాక కూడా వారం మధ్యలో రెండు రోజులు బలం వ్యాయామం ఉండాల్సిందే. మ్యాచ్ మొదలైంది కదా అని జిమ్ మానేసేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

రెండోసారి
బూట్ల సంగతి కూడా చెప్పండి మేస్త్రి గారూ. పొడవైన మేకులున్న బూట్లతో కృత్రిమ పచ్చికపై ఆడితే పాదం నేలను వదలదు.

కీళ్ల_మేస్త్రి
అవును, నేలకు తగిన బూట్లు వేసుకోవాలి. పట్టు ఎక్కువైతే తిరిగేటప్పుడు ఆ మెలి అంతా మోకాలి మీదికే వస్తుంది.

బెంచిమీద_వాడు
బలం, గెంతు, వాపు, ఆగడం, తిరగడం, బూట్లు. మా జట్టులో మోకాలు బాగున్నవాళ్లకు ఈ పరీక్షలు పెడితే మ్యాచ్‌కు అయిదుగురు కూడా మిగలరు.

కీళ్ల_మేస్త్రి
పెట్టి చూడండి. మీతో మొదలుపెట్టి.

కొత్తగా_వచ్చాను
మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. నాకు ఏసీఎల్‌తో పాటు మెనిస్కస్‌కు కుట్టు వేశారు. రెండో నెల. పక్క మంచం మీద నాతో పాటే ఆపరేషన్ అయినాయన అప్పుడే నేల మీద గొంతుక్కూర్చుంటున్నారట. నన్ను తొంభై డిగ్రీలు దాటి వంచి బరువు వేయవద్దన్నారు. నేను వెనకబడ్డానా? మోకాలి కింద, కాలి ముందు ఎముకకు బయటి వైపు కొంత మేర తిమ్మిరిగా కూడా ఉంది.

కీళ్ల_మేస్త్రి
వెనకబడలేదు. ఆయనకు కుట్టు వేసి ఉండకపోవచ్చు. మెనిస్కస్ కుట్టు అతుక్కునేదాకా లోతుగా వంచి బరువు వేయకూడదు, కాబట్టి మీ లెక్క వేరు. పూర్తిగా చాపడం మాత్రం ఇప్పుడే సాధించండి. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి వెనుక భాగం నేల వైపు దిగేలా. చాపడం రెండో కాలితో సమానంగా రాకపోయినా, చివర్లో ఏదో అడ్డుపడినట్టు అనిపించినా సర్జన్‌కు చూపించండి. కీలు ముందు భాగంలో మచ్చ కణజాలం గడ్డకట్టి అడ్డుపడే అవకాశం ఉంది. తిమ్మిరి స్నాయువు తీసేచోట చర్మపు నరం దెబ్బతినడం వల్ల వస్తుంది. చాలామందిలో నెలల్లో ఆ మేర తగ్గుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. బలానికి దానితో సంబంధం లేదు.

మీ ఆపరేషన్ నోట్సులో కుట్టు ఎక్కడ పడిందో రాసి ఉంటుంది. మెనిస్కస్ అంచునా, అది ఎముకకు అతుక్కునే వేరు దగ్గరా అన్నదాన్ని బట్టి జాగ్రత్తలు మారతాయి.

కొత్తగా_వచ్చాను
నోట్సు ఇంట్లో ఉంది. రాత్రికి చూసి రాస్తాను.